వీరేందర్ నిప్పు

కోరుట్ల మిల్లులో వీరేందర్ పదకొండు రోజులుగా బాయిలర్ నడుపుతున్నాడనీ, మనిషి మంచి పనిమంతుడనీ, ఒక్కపూట కూడా ఆవిరి తగ్గనివ్వలేదనీ పక్కింటి నర్సవ్వ చెప్పి పోయింది. నర్సవ్వకు ఆమె చెల్లెలు ఫోన్‌లో చెప్పిందట. చెల్లెలు ఆ మిల్లు ముందర గచ్చు మీద వడ్లు ఆరబోసే పనికి కుదిరి వారమైందట. కూలోళ్లను లోపలికి పోనివ్వరు గానీ, "వీరేందరన్నా" అని పిలవడం రోజూ వింటుందట.

పెళ్లాం వనిత ఈ మాట మోసుకొచ్చేటప్పటికి వీరేందర్ సిరిసిల్లలో తన ఇంటి అరుగు మీద కూర్చొని కాలిగోళ్లు తీసుకుంటున్నాడు.

"పదకొండు రోజులా?"

"గట్లనే అన్నది. దినాం గంత దూరం ఎట్ల పోయత్తున్నడే, బస్సు మీదనా, బండి మీదనా అని అడిగింది. మా ఆయిన ఇంట్లనే పంటున్నడత్తా అన్న. నన్ను కిందికీ మీదికీ సూసి, అయితె ఆడ ఉన్నదెవలే పిల్లా అన్నది." వనిత చాయ్ గ్లాసు అతని పక్కన పెట్టి నడుం మీద చెయ్యేసుకుంది. "నేను గూడ గదే అడుగుతున్న. ఆడ ఉన్నదెవలు?"

వీరేందర్ నవ్వాడు. కోరుట్లలో ఎంతమంది వీరేందర్లు లేరు అన్నాడు. అంటూనే బొటనవేలి మీద చెయ్యి ఆపాడు.

"కాయిదం," అన్నాడు.

"ఏం కాయిదం?"

"నా సర్టిఫికెట్టు. ఆన్నే ఉన్నది, గోడకు."

బాయిలర్ నడిపేవాడి సర్టిఫికెట్టును ఫొటోతో సహా అద్దం కట్టి గోడకు తగిలించాలి. అది సర్కారు రూలు. సీజన్‌లో మొదటి నిప్పు, పని ఒప్పుకున్నవాడి చేత్తోనే పెట్టించాలి. అది మిల్లు రివాజు. వీరేందర్ ఒక్కరోజులోనే రెండూ చేశాడు. కొబ్బరికాయ కొట్టి, పొయ్యి తలుపుకు కుంకుమ పెట్టి, ఊకకు నిప్పంటించి, పొద్దుగూకేదాకా నడిపి, బట్టలు తెచ్చుకుంటానని చెప్పి బస్సెక్కాడు. తెల్లారి సిరిసిల్లలోనే నూలుకు గంజి పట్టించే సైజింగు నడిపే మార్కండేయులు పిలిచి, ఇల్లు కదలకుండా పని, నెలకు మూడువేలు ఎక్కువ అన్నాడు. వీరేందర్ మళ్లీ కోరుట్ల ముఖం చూడలేదు.

"ఫోన్ చేసి చెప్పిన గదనే."

"గా మిల్లు సేటు ఏమన్నడు?"

"మంచిది తియ్ అన్నడు."

"గంతేనా?"

"గంతే."

గుప్పెడు వడ్లు నేలపాలైతే కూలిమనిషిని పొద్దంతా తిట్టే సేటని అంతకుముందు వనితకు చెప్పింది వీరేందరే. అలాంటివాడు, సీజన్ నెత్తి మీదుండగా ఒప్పుకున్న మనిషి ఎగ్గొడితే, మంచిది తియ్ అన్నాడు. ఆ రోజు ఆ మాట విని వీరేందర్ హాయిగా అన్నం తిన్నాడు. ఇవాళ చాయ్ అరుగు మీదే చల్లారిపోయింది.

*

సైజింగు షెడ్డు నిండా గంజి ఉడికే వాసన. ఒకవైపు నుంచి పోగులు వేలకు వేలు గంజి తొట్టిలో మునిగి, ఆవిరితో కాగే డోళ్ల మీదుగా ఆరుతూ పోయి, అటువైపు భీము అనే పెద్ద ఇనుప కండెకు చుట్టుకుంటాయి. ఆ భీములే ఊళ్లో సాంచాలకు, అంటే మరమగ్గాలకు, ఎక్కుతాయి. ఆవిరి సరిగ్గా అందకపోతే పోగు తడిగా చుట్టుకొని, సాంచ మీద తెగి, నేసేవాడి నోట బూతులు వస్తాయి. వీరేందర్ ఇక్కడికి వచ్చిన నాటినుంచి ఒక్క భీమూ వాపసు రాలేదు.

మార్కండేయులు పోగులకు అరచెయ్యి ఆనించి చూసుకుంటూ వచ్చాడు. అరవై దాటిన మనిషి. మాట నింపాదిగా వస్తుంది.

"వీరేందర్, సోమారం ఇన్‌స్పెక్టర్ అత్తడట. నీ కాయిదమేది?"

"తెత్తనన్నా."

"తెత్త తెత్త అనవట్టి పదిరోజులాయె. గోడకు కాయిదం లేకుంటె నేను నిన్ను పెట్టుకున్నట్టే గాదు. కొడిమ్యాలల ఉండే ఒకాయిన రోజూ ఫోన్ చేత్తున్నడు, అన్నా పనున్నదా అని. నేను నీ కోసం ఆపుతున్న." ఆయన వెళ్లబోతూ ఆగాడు. "కోరుట్లోల్లకు సక్కగ చెప్పే అచ్చినవు గదా?"

"చెప్పిన."

మార్కండేయులు తల ఊపి పోయాడు.

షిఫ్టు మొదట్లో సేఫ్టీ వాల్వు మీట ఒకసారి ఎత్తి చూడటం వీరేందర్ అలవాటు. ఆవిరి ఎక్కువైతే తనంత తానే లేచి బయటికి వదిలే వాల్వు అది. వాడకపోతే తుప్పుకు పట్టేసుకొని, అవసరమైన నాడు లేవదు. గొలుసు పట్టి మీట లాగాడు. ఆవిరి బుస్సుమని పైకి పోయింది. సడలిస్తే వాల్వు టక్కున కూర్చుంది.

గొలుసును మాత్రం చేతిలో పట్టుకొనే నిలబడిపోయాడు.

కోరుట్లలో ఆ రోజు సేటు కుర్చీ వేసుకొని ఎదురుగానే కూర్చున్నాడు. పాత బాయిలర్. మీటరు మీద ఎనిమిది దగ్గర ఎర్ర గీత. అది దాటకముందే వాల్వు లేచి ఆవిరంతా వదిలేస్తోంది. వడ్లు ఆరబెట్టే డ్రయ్యరు వేడెక్కడం లేదు. "గింతేనా నీ పని?" అన్నాడు సేటు, పక్కన ఊక మోసేవాళ్లు వినేలా. వీరేందర్ కాంటా దగ్గరికి పోయి అయిదు కిలోల బాటు, తూకం రాయి, తెచ్చి వాల్వు లేవకుండా దాని మీటకు బైండింగు తీగతో వేలాడదీశాడు. ముల్లు తొమ్మిదికి పోయింది. సేటు లేచి భుజం తట్టాడు. ఒక్క గంట కోసం పెట్టిన బాటు అది. పొద్దుగూకిన తర్వాత బస్సు తొందరలో దాన్ని తియ్యలేదు.

పదకొండు రోజులు.

వీరేందర్ షెడ్డు బయటికి వచ్చి కోరుట్ల సేటుకు ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగింది. మళ్లీ చేశాడు. మూడోసారి నంబరు బిజీ అని వచ్చింది. లోపల పోగులు నడుస్తూనే ఉన్నాయి.

*

సేటు ఇల్లు జగిత్యాలలో. పేరు ఆనంద్. శుక్రవారం పొద్దున వీరేందర్ వేములవాడ మీదుగా బస్సులో పోతుంటే రోడ్డుకు ఒకవైపు మైళ్లకొద్దీ వడ్లు ఆరబోసి ఉన్నాయి. మొగులు పట్టి ఉంది. రైతులు కవర్లు చేతపట్టుకొని పైకి చూస్తూ నిలబడ్డారు. ఈ వడ్లన్నీ ఏదో ఒక మిల్లుకు పోవాల్సినవే, ఆవిరి తినాల్సినవే.

ఆనంద్ సేటు వాకిట్లో కూర్చొని నాలుగు వడ్లగింజలు అరచేతుల మధ్య నలుపుతున్నాడు. పొట్టు ఊదేసి, గింజను పంటికింద పెట్టి విరిచి, తేమ చూస్తున్నాడు. వీరేందర్‌ను చూసి కొరకడం ఆపలేదు.

"ఎవలూ? ఓ, బట్టలకు పోయినాయిన. దొరికినయా బట్టలు?"

"సేటు, తప్పయింది. ఇంటి కాడ పరిస్థితి..."

"అరె, కూసో. తప్పేముంది? నీకు అక్కడ రెండు పైసలు ఎక్కువిచ్చిన్రు, పోయినవ్. నీ కోసం నేను ఇద్దరిని వద్దని పంపిన. గది నా తప్పు." సేటు గింజ ఉమ్మేశాడు. "చాయ్ తాగుతవా?"

"వద్దు సేటు. నా సర్టిఫికెట్టు ఇత్తె పోత."

"నీ కాయిదం నేను గుంజుకున్ననా? నువ్వే ఇచ్చినవ్, నువ్వే నిప్పు పెట్టినవ్. నడిమిట్ల నిప్పు చెయ్యి మారితె మంచిది గాదంటరు మావోళ్లు. అందుకే పేరు మార్వలే. తిరుపతి అని, ఊక మోసెటోడు, ఇప్పుడు వాడే నడుపుతున్నడు. ఎవలన్న అడిగితె వీరేందర్ అని చెప్పుమన్న."

"తిరుపతికి బాయిలర్ ఎర్క లేదు సేటు."

"నువ్వే నేర్పినవట గదా, ఒక్కరోజుల. మస్తు నడుపుతున్నడు."

"వాల్వు మీద బాటున్నది. నేను గంట కోసం పెట్టిన. గది తీపియ్యున్రి. పాత బాయిలరది, ఎనిమిది దాటొద్దు."

సేటు కొత్త గింజలు నాలుగు అరచేతిలోకి తీసుకున్నాడు. మెల్లగా నలిపాడు. "నాకు మిషిన్ల సంగతి ఎర్క లేదు తమ్మీ. బాటు ఎవలు పెట్టిన్రు? సర్టిఫికెట్టున్నోడు. ఆవిరి లెక్క రాసే పుస్తకంల దినాం ఎవల సంతకమున్నది? సర్టిఫికెట్టున్నోనిదే. రేపు ఏదన్నయితె అచ్చినోల్లు నన్నడుగుతరా, నిన్నడుగుతరా?" చాయ్‌లో చక్కెర ఎంత కావాలని అడిగినట్టు అడిగాడు. తర్వాత చేతులు దులుపుకొని నవ్వాడు. "పో, తీసుకపో. నాకేం అడ్డం లేదు. తిరుపతిని అడుగు. వాడిత్తనంటె తీసుకో."

జగిత్యాల బస్టాండులో నిలబడి వీరేందర్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకు ఫోన్ చేద్దామా అనుకున్నాడు. చేసి ఏమని చెప్పాలి? నేను లేని చోట నా సంతకంతో, నేను పెట్టిన బాటుతో బాయిలర్ నడుస్తోందని చెప్పాలి. ఫోన్ జేబులో పెట్టి కోరుట్ల బస్సెక్కాడు.

*

మిల్లు గచ్చు మీద ఆడవాళ్లు కాళ్లతో వడ్లను సాళ్లు తీస్తున్నారు. వాళ్లలో ఒకామె చెంగుతో మొహం తుడుచుకొని మిల్లువైపు తిరిగి కేకేసింది.

"ఓ వీరేందరన్నా! డ్రయ్యరు కాడ ఆవిరి అడుగుతున్నరు!"

గేటు దగ్గర వీరేందర్ "ఆఁ" అనబోయాడు. అప్పటికే లోపలినుంచి ఇంకో గొంతు "ఆఁ, అత్తున్న!" అంది.

బాయిలర్ గదిలో ఊకబూడిద మోకాలెత్తు ఉంది. తిరుపతి ఒంటిమీద బనియను, తలకు తువ్వాల, పొయ్యి నోట్లోకి ఊక తోస్తున్నాడు. పాతికేళ్లు దాటి ఉంటాయి. వీరేందర్‌ను చూడగానే పార పక్కకు పడేసి వచ్చి చేతులు పట్టుకున్నాడు.

"అన్నా! అచ్చినవా? నువ్వు అత్తవని అనుకుంటనే ఉన్న."

అతని భుజం వెనక గోడ మీద ఫ్రేము. అద్దం లోపల వీరేందర్ ఫొటో. నుదుటి మీద కుంకుమ బొట్టు, ఫ్రేము మూలకు రెండు అగర్‌బత్తీలు కాలిపోయి ఉన్నాయి.

"గిదేందిరా, సచ్చినోనికి పెట్టినట్టు?"

"ఛీ, గట్లనకే. నాకు పని సూపిచ్చినోనివి. పొద్దుగాల నిప్పు ఎగేసే ముందు మొక్కుకుంట." తిరుపతి నవ్వుతూ మీటరు దగ్గరికి పోయాడు. వేళ్ల కణుపుతో అద్దం మీద రెండుసార్లు టక్ టక్ అనిపించి, తల కొంచెం వంచి ముల్లు చూశాడు. వీరేందర్ చూసేది సరిగ్గా అలాగే. తన చెయ్యి ఇంకొకరి ఒంటికి ఉన్నట్టనిపించి వీరేందర్ కళ్లు తిప్పుకున్నాడు.

ముల్లు తొమ్మిదిన్నర మీద వణుకుతోంది. పైన మీటకు బాటు వేలాడుతోంది. తీగ మూడు వరసలైంది.

"తీగ పెంచినవా?"

"జారుతుంటె గట్టిగ కట్టిన. నువ్వు తొందర్ల కట్టినట్టున్నవ్." మేజా మీది పుస్తకం తెచ్చి చూపించాడు. "గిది గూడ సూడన్నా. సంతకం మంచిగచ్చిందా?"

పేజీల నిండా గంటగంటకూ ఎనిమిది, ఎనిమిది, ఎనిమిది. చివర పదకొండుసార్లు వీరేందర్. మొదటిది అతను పెట్టిందే, తర్వాత రెండు రోజులు వంకరగా, ఆ తర్వాత అచ్చం అతనిలాగే.

"ముల్లు తొమ్మిదిన్నర ఉంటె ఎనిమిది ఎందుకు రాత్తున్నవ్?"

"నువ్వు గూడ గా రోజు ఎనిమిదే రాసినవ్ గదన్నా."

వీరేందర్ పుస్తకం మూసేశాడు. అంగీ విప్పి మొలకు చుట్టుకున్నాడు. ముందు ఊక ఆపించాడు. గాలి రేకు మూశాడు. నీళ్ల పంపు వేసి గాజుగొట్టంలో మట్టం చూశాడు. మట్టం సగానికి తక్కువే ఉంది. నీళ్లు మెల్లగా ఎక్కుతున్నాయి. ఒక్కసారే బాటు తీస్తే లోపలున్న ఆవిరి ఒక్క ఊపున బయటికి కొట్టి మనుషులను కాల్చేస్తుందని అతనికి తెలుసు. అందుకే ముల్లు దిగేదాకా ఆగాలి. తొమ్మిది. ఎనిమిదిన్నర. ఇద్దరూ ముల్లు వైపే చూస్తూ నిలబడ్డారు. గోడ అవతల డ్రయ్యరు చప్పుడు మందగించింది. ఎవరో రేకు మీద కట్టెతో కొట్టారు.

"మంట ఆపితె తిడతరన్నా."

"తిట్టనీ. తమ్మీ, నేను పనితనంతోని బాటు పెట్టలే. సేటు అందరి ముందట చిన్నజేసిండు, సిగ్గయి పెట్టిన. షో కొట్టిన. పొద్దుగూకంగ తీసుడు మర్సి పోయిన. గిది పని గాదు, సావు. సమజయిందా?"

తిరుపతి మొహంలోంచి నవ్వు పోయింది. బాటు వైపు చూశాడు. దానికింద పదకొండు రోజులుగా తాను నిలబడే చోటు వైపు చూశాడు. అక్కడ బూడిదలో అతని కాళ్ల ముద్రలు ఉన్నాయి. ఒక మూలకు నీళ్లసీసా, సద్దిగిన్నె.

"మరి నీకు ఎర్కనే ఉండెనా?"

"ఉండె."

"ఇన్నొద్దులా?"

వీరేందర్ బల్ల ఎక్కి తీగ విప్పడం మొదలుపెట్టాడు. తీగ కాలుతోంది. తువ్వాల చుట్టుకొని ఒక్కో మెలిక తిప్పాడు. బాటు ఊడివచ్చాక ఆవిరి పైకప్పుకు కొట్టింది. గది తెల్లబడింది. బయట ఆడవాళ్లు కేకలు వేస్తూ పరుగెత్తడం వినిపించింది. కాసేపటికి వాల్వు కూర్చుంది. ముల్లు ఏడున్నర.

వీరేందర్ బాటు పట్టుకొని దిగాడు. అరచెయ్యి బొబ్బలెక్కింది. "మల్ల పెట్టకు. సేటు చెప్పినా పెట్టకు."

"ఏడున్నరకు డ్రయ్యరు కాగదు. పదారు లారీల వడ్లున్నయి బయట. మొగులు సూసినవా?" తిరుపతి గొంతులో ఇప్పుడు మర్యాద తగ్గింది. "రాయికల్‌ల నా పెండ్లాం మొన్నటిదాక బీడీలు జేసింది. ఇగ జెయ్యకు, ఆపరేటరు పెండ్లానివి అని నేనే బంద్ జేపిచ్చిన. నిన్న పక్కింటోల్లకు చెప్పుకున్నదట, మా ఆయినది సర్కారోల్లు సూసే పని అని."

"ఇడిసిపెట్టి పో. పాణం కన్న ఎక్కువనా పని?"

తిరుపతి గోడ దగ్గరికి పోయి ఫ్రేము దించాడు. తువ్వాల కొసతో అద్దం మీది కుంకుమ తుడిచాడు. ఒక్కసారికి పోలేదు. తడిపి మళ్లీ తుడిచాడు. కాలిన అగర్‌బత్తీ పుల్లలు తీసి బూడిదలో వేశాడు. ఫ్రేము రెండు చేతులతో పట్టి ఇచ్చాడు.

"తీస్కో. గిందుకే గదా నువ్వచ్చింది."

"గిది లేకుంటె సేటు బాయిలర్ నడుపరాదు. బంద్ పెట్టాలె."

"ఎందుకు బంద్ పెడతడు? జగిత్యాలల ఇంకో కాయిదం తెప్పిత్తనన్నడు. సీజన్‌కింత అని కిరాయికి ఇత్తరట. రేపు వేరే పేరు. గా పేరుతోని పిలిత్తె గూడ పల్కుత." గోడ మీద ఫ్రేము ఉన్నంత మేర మసి పట్టకుండా తెల్లగా ఉంది. తిరుపతి దాని వైపు చూడలేదు. పార తీసుకొని పొయ్యి తలుపు తెరిచాడు.

వీరేందర్ ఫ్రేము చంకలో పెట్టుకున్నాడు. బాటు ఇంకా చేతిలోనే ఉంది. "గిది నేను బావిల పారేత్త."

"కాంటా కాడ ఇంక మూడున్నయి."

బయటినుంచి ఆడమనిషి గొంతు వచ్చింది. "వీరేందరన్నా! డ్రయ్యరు సల్లబడ్డది! లోపల ఎవలన్న ఉన్నరా?"

ఇద్దరిలో ఎవరూ పలకలేదు. పొయ్యిలో నల్లబడ్డ ఊకను తిరుపతి పారతో కదిపాడు. అడుగున ఎర్రగా కనిపించింది.

"తమ్మీ, సత్తవురా."

"అయితె నువ్వుంటవా ఈడ?"

"సోమారం నాకు సిరిసిల్లల..."

తిరుపతి పార నిండా ఊక ఎత్తాడు. దాన్ని పొయ్యిలో వెయ్యకుండా పట్టుకొని, ఈసారి అతని కళ్లలోకి చూశాడు.

"నువ్వు ఒప్పుకున్న పనికి నువ్వచ్చి ఉంటె, నేను బయట ఊక మోసుకుంట ఉంటుంటి."